నీళ్ళలో కరగని మందు ఒంటబట్టేదెల్లా?



పొలంలో ఎరువు చల్లుతాం. చల్లినదంతా పైరుకు అందుతుందా? అందదు. కొంత నీటివెంట మురుగుకాలవలోకి పోతుంది. కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. కొంత మట్టిలోనే బిగుసుకుపోతుంది. పైరు పచ్చబడడం వేరుకు అందినదాన్నిబట్టి వుంటుంది గాని, మనం మోసుకొచ్చిన బస్తాల లెక్కనుబట్టి వుండదు.

మనం మింగే మాత్ర సంగతీ, పసిపిల్లలకు పట్టే చుక్కల మందు సంగతీ, కోళ్ళ నీళ్ళలో కలిపే విటమిను సంగతీ అంతే. గొంతు దిగినదంతా ఒంటబట్టినట్టు కాదు. పేగుగోడ దాటి రక్తంలోకి చేరినదే ఒంటబట్టినట్టు. చేరనిదంతా, ఎంత ఖరీదైనదైనా, మర్నాడు మలంలో పోవలసిందే. ముఖ్యంగా నీళ్ళలో కరగని మందులకు ఈ చిక్కు ఎక్కువ. ఆ చిక్కు ఏమిటో, దానికి నూనె, వెన్న, పాలు ఎల్లా సాయపడతాయో తెలుసుకుంటే ఇంట్లో పిల్లల కళ్ళకూ, కొట్టంలో దూడకూ, షెడ్డులో కోడిపిల్లకూ మేలు జరుగుతుంది. చేతిడబ్బూ వృథా కాదు.

రెండు రకాల పదార్థాలు

గ్లాసు నీళ్ళలో ఉప్పు వేసి తిప్పండి. కరిగిపోతుంది. బెల్లం వేసినా అంతే. ఇంకో గ్లాసులో పసుపు వేసి తిప్పండి. నీళ్ళు పచ్చబడినట్టు కనిపించినా, కాసేపు కదపకుండా వుంచితే పసుపు అడుక్కు చేరుతుంది. అదే పసుపు కాగిన నూనెలో వేస్తే నూనె అంతా రంగెక్కుతుంది. పసుపులోని రంగు పదార్థానికి నూనెతోనే స్నేహం.

విటమినుల్లోనూ ఈ రెండు తెగలే వున్నాయి. బి విటమినులు, సి విటమిను నీళ్ళలో కరిగే తెగ. నిమ్మకాయలోదీ, ఉసిరికాయలోదీ సి విటమిను. ఎ, డి, ఇ, కె అనే నాలుగూ కొవ్వులో కరిగే తెగ. కంటిచూపుకు ఎ, ఎముకకు డి, గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టడానికి కె కావాలి. ఆకుకూరల్లో, గుమ్మడిపండులో, బొప్పాయిలో, మామిడిపండులో వుండే కెరోటీను అనే పదార్థం మన శరీరంలో ఎ విటమినుగా మారుతుంది. ఆ కెరోటీను కూడా కొవ్వు తెగలోదే.

ఈ సంగతి మొదట బయటపడింది పశువుల మేత మీదా, ఎలుకల మీదా చేసిన పరిశోధనల్లో. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో మెకాలమ్, డేవిస్ అనే ఇద్దరు పరిశోధకులు, వెన్నలోనూ గుడ్డు పచ్చసొనలోనూ వున్న ఒక పదార్థం లేకపోతే ఎలుకలు ఎదగవని కనుగొన్నారు. అదే ఎ విటమిను. తరువాత డెన్మార్కులో హెన్రిక్ డామ్ అనే శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలకు కొవ్వు బొత్తిగా తీసేసిన మేత పెట్టి చూశాడు. పిల్లలకు చర్మం కింద నెత్తురు కారడం మొదలైంది. అల్లా కె విటమిను సంగతి లోకానికి తెలిసింది. అందుకు ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. చూడండి, ఒకటి వెన్నలో దొరికింది, రెండోది కొవ్వు తీసేస్తే లోటుగా బయటపడింది.

వేపనూనె పిచికారీ చెప్పే పాఠం

మన పేగు లోపల అంతా తడి. తడిలో నూనె కలవదు. మరి నూనెలో వున్న విటమిను పేగుగోడను చేరేదెల్లా? దీనికి జవాబు మీ పొలంలోనే వుంది.

మీరు వేపనూనె పిచికారీ చేసేటప్పుడు ఏం చేస్తారు? లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల నూనె తీసుకుంటారు. ఊరికే నీళ్ళలో పోస్తే నూనె తెట్టెకట్టి పైన తేలుతుంది. ట్యాంకులో అడుగునుంచి వచ్చేది వట్టి నీరు, చివర వచ్చేది వట్టి నూనె. ఆ వట్టి నూనె పడ్డ ఆకు మాడుతుంది, మిగతా ఆకులకు మందే అందదు. అంచేత లీటరుకు గ్రాము చొప్పున సబ్బుపొడి ముందుగా కొద్ది నీళ్ళలో కలిపి, అందులో నూనె పోసి బాగా చిలుకుతారు. అది పాలలాగా తెల్లబడుతుంది. తరువాత మిగతా నీళ్ళు కలుపుతారు. నూనె ఎక్కడికీ పోలేదు. కంటికి కనిపించనంత సన్నని బొట్లుగా విడిపోయి నీళ్ళంతటా పరుచుకుంది. సబ్బు మన ఊరి పెళ్ళిళ్ళ పేరయ్య వంటిది. ఒక చేత్తో నూనెను, ఇంకో చేత్తో నీటిని పట్టుకుని ఇద్దరికీ సంబంధం కుదురుస్తుంది.

ఇల్లా పాలవలె కలిసిపోయిన నూనె-నీటి మిశ్రమాన్నే ఎమల్షను అంటారు.

బొట్టు సన్నబడడంవల్ల లాభమెంతో లెక్క వేసి చూడండి. ఒక మిల్లీలీటరు నూనె ఒకే గుండ్రని బొట్టుగా వుంటే దాని పైభాగం సుమారు 5 చదరపు సెంటీమీటర్లు, అంటే బొటనవేలి ముద్రంత. అదే నూనెను ఒక్కొక్కటి ఒక మైక్రాను, అనగా మిల్లీమీటరులో వెయ్యోవంతు, అడ్డుకొలత వున్న బొట్లుగా విడగొడితే, వాటి పైభాగాలన్నీ కలిపి 6 చదరపు మీటర్లవుతుంది. రెండు మంచాలు పక్కపక్కన వేసినా అంత చోటు రాదు. జీర్ణరసం పనిచేసేది బొట్టు పైభాగం మీదే. చోటు పెరిగినకొద్దీ పని చురుగ్గా సాగుతుంది.

కడుపులో జరిగే చిలకడం

మనలో ప్రతివాడికీ కాలేయం ఒక సబ్బును తయారుచేసి ఇస్తూనే వుంటుంది. అదే పైత్యరసం. పిత్తాశయమనే చిన్న సంచిలో నిలవవుండి, కొవ్వు వున్న భోజనం పేగులోకి దిగగానే ఆ సంచి ముడుచుకుని రసాన్ని వదులుతుంది. అది కొవ్వును సన్నని బొట్లుగా విడగొట్టి మళ్ళీ కలవకుండా చూస్తుంది. క్లోమంనుంచి వచ్చే రసం ఆ బొట్లను అరిగిస్తుంది. అరిగిన కొవ్వూ, పైత్యలవణాలూ కలిసి ఇంకా సూక్ష్మమైన పొట్లాలుగా ఏర్పడతాయి. నీళ్ళలో కరగని విటమినుగాని, మందుగాని ఆ పొట్లాల్లో ఎక్కి కూర్చుని పేగుగోడ దాకా వెడుతుంది. అక్కణ్ణించి చాలావరకు శోషరస నాళాల ద్వారా రక్తంలో కలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి గమనించండి. భోజనంలో కొవ్వు లేకపోతే పిత్తాశయం గట్టిగా ముడుచుకోదు. పైత్యరసం చాలినంత రాదు. పొట్లాలు తయారుకావు. బండి రాని రేవులో సరుకు దించినట్టు, విటమిను అక్కడే పడివుండి బయటికి పోతుంది. 2004లో అమెరికాలోని అయోవాలో ఈ సంగతి పరీక్షించి చూశారు. పచ్చికూరల ముక్కలను నూనె లేని పులుసుతో తిన్నవారికి కెరోటీను దాదాపు ఏమీ ఒంటబట్టలేదు. నూనె కలిపిన పులుసుతో తిన్నప్పుడు బాగా ఒంటబట్టింది. కూర అదే, మనుషులూ వారే.

కామెర్లు వచ్చి పైత్యం పేగులోకి దిగనివారికీ, విడవని విరేచనాలున్న పిల్లలకూ, కడుపునిండా ఏలికపాములున్న పిల్లలకూ ఎ విటమిను సరిగా ఒంటబట్టకపోవడం ఇందువల్లనే. అటువంటివారికి ముందు ఆ జబ్బు కుదర్చాలి.

ప్రకృతి చేసిన ఎమల్షనులు

పాలు ప్రకృతి తయారుచేసిన ఎమల్షను. గేదెపాలలో వెన్న సుమారు 6 నుంచి 8 శాతం దాకా వుంటుంది. ఆ వెన్న సన్నని బొట్లుగా విడివడి, ఒక్కొక్క బొట్టు చుట్టూ పలచని పొర కట్టుకుని వుంటుంది. గుడ్డు పచ్చసొన కూడా అటువంటిదే. అందులోని లెసిథిను అనే పదార్థం సబ్బు చేసే పనే చేస్తుంది. మన కోనసీమ ఇల్లాలు కొబ్బరి తురిమి పిండిన కొబ్బరిపాలు మరొక ఎమల్షను.

పెద్దవారికి స్కాట్స్ ఎమల్షను సీసా గుర్తుండే వుంటుంది. పెద్ద చేపను వీపున మోసుకుపోయే మనిషి బొమ్మ దానిమీద వుండేది. అది కాడ్ చేప కాలేయపు నూనె. ఆ నూనెలో ఎ, డి విటమినులు సమృద్ధిగా వుంటాయి. నూనెగా తాగమంటే పిల్లలు మొహం తిప్పుకుంటారు. చిలికి తెల్లని పాలలాగా చేస్తే తాగడమూ సుఖం, అరగడమూ సుఖం. ఈ కిటుకు 19వ శతాబ్దంలోనే తెలుసునన్నమాట.

ఇంట్లో: పిల్లల కళ్ళు

సాయంత్రం దీపాలు పెట్టేవేళ పిల్లవాడు గడప తట్టుకుంటున్నాడా? కంచంలో అన్నం తడుముకుంటున్నాడా? అది రేచీకటి. ఎ విటమిను లోపానికి మొదటి హెచ్చరిక. తరువాత కంటి తెల్లగుడ్డు ఎండి, దానిమీద సబ్బునురుగు అంటించినట్టు మచ్చ కనిపిస్తుంది. అప్పటికీ అశ్రద్ధ చేస్తే నల్లగుడ్డు మెత్తబడి పుండు పడుతుంది. ఆ కన్ను మళ్ళీ రాదు. రేచీకటి వున్నప్పుడే వైద్యం చేయిస్తే పోయే చూపు నిలుస్తుంది.

ఈ విషయంలో మన తెలుగుదేశం చేసిన సేవ తెలుసుకోదగ్గది. 1918లో కూనూరులో చిన్నగా మొదలైన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టారు. ఎ విటమినును కాలేయం నెలల తరబడి నిలవచేసుకోగలదు కాబట్టి, పెద్ద మోతాదు ఒకేసారి నోటిద్వారా ఇచ్చి ఆరునెలలు కాపాడవచ్చునన్న పద్ధతిని ఆ సంస్థ పరిశోధకులు పరీక్షించి చూపారు. 1970లో అది దేశమంతటికీ పథకమైంది. ఆరోగ్యకార్యకర్త చెంచాతో పోసే పసుపుపచ్చని మందు నూనెలో కరిగిన విటమినే. తొమ్మిదో నెల నిండాక మొదట 1 లక్ష యూనిట్లు, ఏడాదిన్నర వయసప్పుడు 2 లక్షలు, ఆపైన ఆరునెలలకొకసారి 2 లక్షలు, అయిదేళ్ళు నిండేదాకా మొత్తం 9 మోతాదులు. ఒక మిల్లీలీటరులో 1 లక్ష యూనిట్లుంటాయి. మునుపటితో పోలిస్తే కంటిగుడ్డు మెత్తబడి చూపుపోయే పిల్లలు ఇప్పుడు చాలా తక్కువ. అయినా ఒక్క మోతాదూ తప్పించకండి.

మందు ఆరునెలలకొకసారి. అన్నం రోజూ. అంచేత రోజు తిండి సంగతి ఇంకా ముఖ్యం. మన గోదావరి జిల్లాల్లో ఆకుకూరకు కరువు లేదు. తోటకూర, గోంగూర, బచ్చలి, పొన్నగంటికూర, గట్టుమీద మునగచెట్టు అందరికీ అందేవే. వాటిని ఉత్తనీళ్ళలో ఉడికించి పిల్లలకు పెడితే కెరోటీనులో ఎక్కువభాగం వృథా. హైదరాబాదు సంస్థవారు పిల్లలమీద చేసి 1980లో ప్రచురించిన పరిశోధనలో, ఆకుకూరతో 5 గ్రాముల కొవ్వు చేర్చినప్పుడు కెరోటీను బాగా ఒంటబట్టినట్టు తేలింది. 5 గ్రాములంటే చిన్న చెంచాడు నూనె. ఇంతకంటె చవకైన మందు ఏముంది? తోటకూర పప్పుకు నూనెతో తాలింపు, మునగాకులో కొబ్బరికోరు, పసివాడి ముద్దలో అరచెంచా నెయ్యి, ఏది వీలైతే అది చెయ్యండి. ఆకును మెత్తగా ఉడికించి మెదిపితే కెరోటీను ఇంకా సులువుగా బయటికొస్తుంది.

ఇంకొక మాట. పాడి వున్న కొన్ని ఇళ్ళల్లో వెన్న తీసి నెయ్యి అమ్మకానికి పెట్టి, పిల్లలకు మజ్జిగ పోస్తారు. మజ్జిగ మంచిదే. కాని పాలలోని ఎ విటమిను నెయ్యితోబాటే గడప దాటిపోయింది. అమ్మే నేతిలో రోజుకొక చెంచాడు పిల్లవాడి వాటాగా వుంచండి. నూనె కొనేవారు పొట్లంమీద ప్లస్ గుర్తూ, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరమూ వుందేమో చూడండి. అందులో ఎ, డి విటమినులు చేర్చారని దాని అర్థం. మళ్ళీమళ్ళీ కాచిన నూనెలో అవి నిలవవు.

మన మెట్టప్రాంతపు పంట ఒకటి కూడా ఇక్కడ చెప్పాలి. ఏలూరు దగ్గర పెదవేగిలో 1995లో ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రం వెలిసింది. ఆయిల్‌పామ్ గెలనుంచి తీసిన ముడినూనె ఎర్రగా వుంటుంది. ఆ ఎరుపు కెరోటీనుదే. కిలోకు సుమారు 500 నుంచి 700 మిల్లీగ్రాములుంటుంది. కెరోటీనూ, దాన్ని మోసే నూనే ఒక్కచోటనే వున్నాయి. అయితే రంగు పోగొట్టి శుద్ధిచేసిన పామాయిలులో ఆ కెరోటీను మిగలదు. తినడానికి తగినట్టు శుభ్రం చేసిన ఎర్రనూనె వేరు, మిల్లులో కారే ముడినూనె వేరు. మిల్లు నూనె తెచ్చుకుని తినకండి.

కొట్టంలో: జున్నుపాలు దూడకే

డెల్టాలో పశువుకు ముఖ్యాహారం వరిగడ్డి. ఎండుగడ్డిలో కెరోటీను నామమాత్రం. నెలల తరబడి ఎండుగడ్డిమీదే వున్న చూడిగేదెకు ఎ విటమిను నిలవ తగ్గిపోతుంది. దానికి పుట్టిన దూడ బలహీనంగా వుండడం, గుడ్డిదిగా పుట్టడం కూడా జరగవచ్చు. దాళ్వా కోయకముందే పచ్చిమేత ఏర్పాటు చూసుకోండి. వరి తరువాత చల్లే పిల్లిపెసర, జనుము మీకు తెలిసినవే.

తల్లి గర్భంలో వుండగా దూడకు ఎ విటమిను చాలా కొద్దిగానే అందుతుంది. ఆ లోటు తీర్చేవి జున్నుపాలు. మామూలు పాలకంటె వాటిలో ఎ విటమిను అనేక రెట్లు. అదీ కొవ్వుబొట్లలో ఎక్కి, ఒంటబట్టడానికి సిద్ధంగా వుంటుంది. రోగాలనుంచి కాపాడే శక్తి కూడా వాటితోనే దూడకు సంక్రమిస్తుంది. కాబట్టి పుట్టిన గంటలోపల దూడకు కడుపునిండా జున్నుపాలు పట్టండి. జున్ను మనకూ ఇష్టమే, చుట్టాలకూ ఇష్టమే. దూడ తాగగా మిగిలినవే మనకు.

పశువుకు నూనె మందుగాని, ఎమల్షను మందుగాని గొట్టంతో పట్టేటప్పుడు తల మరీ పైకి ఎత్తకండి. నాలుక బయటికి లాగకండి. దవడ పక్కనుంచి కొద్దికొద్దిగా, మింగనిచ్చి మింగనిచ్చి పోయండి. దగ్గితే వెంటనే ఆపండి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ పశువు దక్కడం కష్టం. పసిపిల్లల ముక్కులో నూనె పోసే అలవాటు కూడా ఈ కారణంచేతనే ప్రమాదకరం.

షెడ్డులో, చెరువులో

అనపర్తి, తణుకు ప్రాంతాల కోళ్ళ రైతులకు ఎ, డి3 విటమినుల మందు కొత్త కాదు. కోళ్ళకు కళ్ళు అంటుకోవడం, కాళ్ళు వంగడం, గుడ్డుపెంకు పలచబడడం వంటి లక్షణాలు ఈ విటమినుల లోపంవల్ల రావచ్చు. తొలివారంలో కోడిపిల్లకు పైత్యరసం ఇంకా చాలినంత వుండదు. కొవ్వు అరిగించే శక్తి తక్కువ. అందుకే వాటికి ముందే ఎమల్షనుగా చేసిన మందు మేలు.

కొనేటప్పుడు నీటిలో కలిసే రకమో, నూనె రకమో సీసామీద చూడండి. నూనె రకాన్ని నీళ్ళతొట్లో పోస్తే పైన తేలుతుంది. మొదట వచ్చిన నాలుగు కోళ్ళకు ఎక్కువై, వెనకవచ్చిన వాటికి ఏమీ మిగలదు. గొట్టాలకు జిడ్డు పట్టి పాచి పెరుగుతుంది. నూనె రకాన్ని మేతలోనే కలపాలి. నీటిలో కలిసే రకాన్ని ముందు ఒక చెంబెడు నీళ్ళలో పాలలాగా కలిపి, తరువాత తొట్టి నీళ్ళలో పోయండి. కోళ్ళు రెండుమూడు గంటల్లో తాగేసేటన్ని నీళ్ళలోనే కలపండి. వెలుతురుకూ వేడికీ ఎ విటమిను చెడుతుంది. కంపెనీ మేత వాడేవారు అందులో విటమినులు ముందే వున్నాయని మరవకండి. పచ్చజొన్న తగ్గించి నూకలు పెంచినప్పుడు మాత్రం కెరోటీను తగ్గుతుంది. ఆ లోటు ఎల్లా పూడ్చాలో పశువైద్యుణ్ణి అడగండి.

కొల్లేటి చుట్టుపక్కలా, భీమవరం ప్రాంతంలోనూ చేపల చెరువుల్లో నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో వేలాడదీస్తారు. ఆ తవుడులో కొవ్వు లేదు. ఎ, డి విటమినుల పొడి ఊరికే అందులో కలిపితే చాలావరకు నీటిపాలు. కొద్ది చేపనూనెలో కలిపి మేతకు పట్టించి, నీడన ఆరబెట్టి వేస్తే మేతను అంటిపెట్టుకుంటుంది, ఒంటబట్టడానికీ సాయం. రొయ్యకు మనకున్నట్టు పైత్యరసం లేదు. అందుకే రొయ్య మేతలో లెసిథిను చేరుస్తారు. అయితే నిషేధించిన క్రిమిసంహారక ఔషధాలను మాత్రం ఏ నూనెతోనూ కలపవద్దు, వాడనేవద్దు.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

“అన్నం తిన్నాక వేసుకో” అని డాక్టరుగారు చెప్పడం చాలాసార్లు కడుపులో మంట రాకుండా వుండడానికి. కొన్ని మందులకు ఇంకో కారణం వుంది. తామరకు ఇచ్చే గ్రిసియోఫుల్విను కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది. మలేరియాకు వాడే లూమెఫాంట్రిను కొవ్వు భోజనంతో 16 రెట్లు ఎక్కువగా ఒంటబట్టినట్టు లెక్కలున్నాయి. జ్వరంలో నోరు చేదై ఏమీ తిననివాడికి ఆ మాత్రతోబాటు గ్లాసెడు పాలయినా ఇవ్వడం అందుకే. పరగడుపున వేస్తే మందు వేసినట్టే వుంటుంది, జ్వరం తిరగబెడుతుంది.

నులిపురుగుల మాత్ర ఆల్బెండజోలు సంగతి విచిత్రం. పేగులోని పురుగును చంపడానికి అది పేగులో వుంటే చాలు, ఒంటబట్టనక్కరలేదు. అదే మందు బద్దెపురుగు తిత్తులు మెదడులో చేరినప్పుడు వాడితే రక్తంలోకి పోవాలి. అప్పుడు కొవ్వు భోజనంతో వేసుకోమంటారు.

ఈ సూత్రాన్ని మందుల తయారీదారులు చాలా దూరం తీసుకుపోయారు. 1960ల మొదట్లో స్వీడన్ వైద్యుడు ఆర్విడ్ వ్రెట్లిండ్ సోయానూనెను గుడ్డుసొన లెసిథినుతో చిలికి, నరంలోకి ఎక్కించడానికి వీలయ్యే ఎమల్షను తయారుచేశాడు. నోటితో తినలేని రోగికి దానితో కొవ్వు అందించగలిగారు. ఆపరేషనుకు మత్తిచ్చేటప్పుడు సిరంజిలో పాలలాంటి తెల్లని మందు కనిపిస్తుంది. అది నీళ్ళలో కరగని ప్రొపొఫాల్ అనే మత్తుమందు, నూనె బొట్లలో ఎక్కించినది. మూత్రపిండం మార్చినవారు వాడే సైక్లోస్పోరిను మొదట నూనె మందుగా వుండేది. ఒకరికి ఒకలాగా, ఇంకొకరికి ఇంకోలాగా ఒంటబట్టేది. 1990లలో కడుపులోని నీటితో కలవగానే తనంతతానే సన్నని బొట్లుగా విడిపోయే రకం వచ్చి ఆ తేడా తగ్గింది. నేడు అంగళ్ళలో నానో అని పేరుపెట్టి అమ్మే డి విటమిను ద్రవాలదీ ఈ బాటే. పైత్యమూ అరుగుదలా బాగున్నవారికి మామూలు డి విటమిను పాలతోగాని, భోజనం తరువాతగాని వేసుకున్నా పనిచేస్తుంది. ఖరీదైన రకం ఎవరికి అవసరమో డాక్టరుగారు చెప్పాలి.

అన్నిటికీ పాలు పనికిరావు

ఇంతవరకు విని, ప్రతి మాత్రనూ పాలతో మింగితే సరి అనుకోకండి. మన భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు వినేవుంటారు. ఆయన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన రోజుల్లో, అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిను 1948లో లోకానికి వెల్లడైంది. టెట్రాసైక్లిను తెగ మందులకు అదే మొదటిది. ఆ తెగ మందులను పాలతో వేసుకుంటే పాలలోని సున్నం వాటిని పట్టుకుని వదలదు. ఒంటబట్టడం తగ్గిపోతుంది. ఇనుము మాత్రలు కూడా వాటికి పడవు. ఇనుము మాత్రకు టీ పడదు. అంచేత ఏ మందుకు ఏది తోడో, ఏది పగో అడిగి తెలుసుకోండి.

రెండో హెచ్చరిక ఇంకా ముఖ్యం. నీళ్ళలో కరిగే విటమిను ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. కొవ్వులో కరిగేది కాలేయంలోనూ, కొవ్వులోనూ పేరుకుంటుంది. బాగా ఒంటబట్టే రకం అయితే ఇంకా త్వరగా పేరుకుంటుంది. వారానికొకటి రాసిచ్చిన 60,000 యూనిట్ల డి విటమినును రోజుకొకటి వేసుకుంటే ప్రాణానికి ముప్పు. గర్భిణీలు ఎ విటమిను పెద్ద మోతాదులు తీసుకోరాదు, కడుపులోని బిడ్డకు హాని. పశువుల సీసాలోది మనుషులకు పోయడం, మనుషుల మందు కోళ్ళకు వేయడం రెండూ తప్పే. ఇంట్లో మాత్రలు నూరి నూనెలో కలిపే ప్రయోగాలు చెయ్యకండి.

విస్తరణోద్యోగులకు ఒక ప్రదర్శన

ఈ సంగతి మాటలతో చెప్పేకంటె చూపితే నిలుస్తుంది. మూడు తెల్లని గాజుసీసాలు తీసుకోండి. మొదటిదాంట్లో నీళ్ళూ చిటికెడు పసుపూ వేయండి. రెండోదాంట్లో నీళ్ళూ పసుపూతోబాటు రెండు చెంచాల నూనె పోయండి. మూడోదాంట్లో వాటికితోడు ఒక గుడ్డు పచ్చసొన కలపండి. మూడూ గట్టిగా కుదిపి పది నిమిషాలు బల్లమీద వుంచండి. మొదటిదాంట్లో పసుపు అడుక్కు దిగుతుంది. రెండోదాంట్లో రంగెక్కిన నూనె పైకి తేలుతుంది. మూడోది చిక్కని పచ్చని పాలలాగా నిలిచి వుంటుంది. “ఈ మూడో సీసాలాగా మీ బిడ్డ కడుపులో జరగాలి, అందుకే కూరలో నూనె” అని చెప్పండి. చదువురాని తల్లికీ అర్థమవుతుంది.

చివరగా గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. ఆకుకూర వండిన పూట పిల్లవాడి కంచంలో చెంచాడు నూనెగాని, నెయ్యిగాని వుండాలి.

2. రేచీకటి కనబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. తొమ్మిదో నెలనుంచి అయిదేళ్ళదాకా ఎ విటమిను మోతాదులు తప్పకూడదు.

3. పుట్టిన గంటలో దూడకు జున్నుపాలు, చూడిపశువుకు పచ్చిమేత.

4. కోళ్ళ నీటిలో నీటిలో కలిసే రకమే, మేతలో నూనె రకం.

5. మాత్ర తీసుకునేముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఇది పరగడుపునా, భోజనంతోనా, పాలతో పడుతుందా?”

చెంచాడు నూనె విలువ ఎంత? ఒక బిడ్డ చూపంత. మీ ఇంట ఆ చెంచా రేపటి వంటతోనే మొదలుపెట్టండి.